మిల్లు మూతపడిన ఊరికి మహమ్మారి వస్తే

ఆపద వచ్చినప్పుడు కార్ఖానా పని మార్చుకోవాలంటే ముందు ఆ కార్ఖానా ఉండాలి, అందులో పని తెలిసిన చేతులుండాలి. ఈ విషయంలో వరంగల్ చరిత్ర చూస్తే నాకు బాధే కలుగుతుంది.

ఆపత్కాలంలో మారిన కార్ఖానాల కథ చెప్పేటప్పుడు ఇంగ్లండులోని కౌలీ మోటారు కార్ల ఫ్యాక్టరీని తలచుకోకుండా ఉండలేం. పోలియో సోకి ఊపిరి కండరాలు చచ్చుబడిన పిల్లలకు ఊపిరి ఆడించే ఐరన్ లంగ్ అనే యంత్రం ఒక్కటే ఆధారంగా ఉన్న రోజులవి. ఖరీదైన ఆ యంత్రాన్ని ఆస్ట్రేలియాకు చెందిన ఎడ్వర్డ్ బోత్ ప్లైవుడ్ పెట్టె, మోటారు, తిత్తులతో చౌకగా తయారు చేశాడు. 1938లో కార్ల వ్యాపారి లార్డ్ నఫీల్డ్ ఆ నమూనాను తన ఫ్యాక్టరీలో పెద్ద సంఖ్యలో చేయించి, బ్రిటిష్ సామ్రాజ్యంలో అడిగిన ఆసుపత్రులకు ఉచితంగా పంపాడు. ఫైజర్ కంపెనీ న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక ఐసు ఫ్యాక్టరీని కొని, 1944లో అందులో పెన్సిలిన్ తయారీ మొదలుపెట్టింది. సిట్రిక్ యాసిడ్ కోసం బూజును పులియబెట్టడంలో ఆ కంపెనీకి ఎన్నో ఏళ్ల అనుభవం ఉంది. రెండుచోట్లా యంత్రాల కంటే ముందు నైపుణ్యం సిద్ధంగా ఉంది.

వరంగల్‌కూ అలాంటి నైపుణ్యం ఉండేది. ఇక్కడి తివాచీలు 1851లోనే లండన్ ప్రదర్శనకు వెళ్లాయి. కొత్తవాడ మగ్గాల మీద జంపఖానాలు ఇప్పటికీ నేస్తున్నారు. వాటికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 1934లో ఏడో నిజాం కాలంలో మొదలైన ఆజంజాహి మిల్లు వేలమందికి అన్నం పెట్టింది. 1990ల నుంచి నష్టాల్లో కూరుకుపోయి, 2000ల ఆరంభంలో పూర్తిగా మూతపడింది. ఓరుగల్లు నేతన్నలు బతుకుదెరువు కోసం సూరత్, భివండి, షోలాపూర్‌లకు వలసపోయారు.

2020లో కరోనా వచ్చింది. డాక్టర్లు వేసుకునే పీపీఈ కవరాల్ మామూలు కుట్టుపని కాదు. రక్తం ఇంకని బట్ట కావాలి. సూది చేసిన రంధ్రాల మీద వేడితో టేపు అతికించే యంత్రం కావాలి. ఆ తర్వాత కోయంబత్తూరులోని సిట్రా వంటి ప్రయోగశాల పరీక్షలో నెగ్గాలి. అప్పటిదాకా దిగుమతుల మీదే ఆధారపడిన మన దేశంలో, బట్టల ఫ్యాక్టరీలు పని మార్చుకోవడంతో మే నెలకల్లా కవరాల్‌ల ఉత్పత్తి రోజుకు 4 లక్షలు దాటిందని కేంద్రం ప్రకటించింది. డిస్టిలరీలు శానిటైజర్ తయారు చేశాయి.

తెలంగాణలో మహిళా సంఘాలు కుట్టుమిషన్ల మీద గుడ్డ మాస్కులు కుట్టాయి. జైళ్ల శాఖ ఖైదీలతో మాస్కులు, శానిటైజర్ చేయించింది. ఆ శ్రమ గొప్పది. కానీ గుడ్డ మాస్కు వీధిలో తిరిగేవారికి సరిపోతుంది, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి కరోనా వార్డులో నిలబడే నర్సుకు సరిపోదు.

2021 ఏప్రిల్‌లో ఆక్సిజన్ కరువు ముంచుకొచ్చినప్పుడు విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ ఆదుకుంది. ఇనుమును ఉక్కుగా మార్చడానికి గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసే ప్లాంట్లు అక్కడ ఎప్పటి నుంచో ఉన్నాయి. ఏప్రిల్ 22న అక్కడ నింపిన ఏడు ట్యాంకర్లతో దేశంలోని మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకు బయలుదేరింది. నష్టాల లెక్క చూసి ఆ ఫ్యాక్టరీకి ముందే తాళం వేసి ఉంటే, ఆ రైలు అక్కడి నుంచి కదిలేది కాదు.

వలసపోయిన నేతన్నలను రప్పించాలన్న ఆశతో 2017లో వరంగల్ దగ్గరి గీసుకొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాది వేశారు. ఆ పార్కులో మాస్కుల వడపోత బట్ట తయారుచేసే ఒక యంత్రం, సీమ్ టేపు మిషన్లు, ఒక పరీక్షా ప్రయోగశాల ఇప్పుడే పెట్టాలి. ఆపద సమయంలో ఎవరు ఏం తయారు చేయాలో, ప్రభుత్వం ఎంతకు కొనాలో కంపెనీలతో ముందే ఒప్పందం రాసుకోవాలి. మరో మహమ్మారి వచ్చేదాకా ఆగకుండా ప్రభుత్వం ఈ పని వెంటనే మొదలుపెట్టాలి.