‘బాబా, పాపా?’ అని స్కానింగ్ సెంటర్‌లో అడిగితే ఏమవుతుంది?

మొదటి కాన్పులో పాప పుట్టింది. రెండోసారి గర్భం రాగానే ‘ఈసారి ముందే చూపించుకుందాం, తెలిసిన డాక్టరే’ అన్న మాట ఇంట్లో మొదలవుతుంది. మీకో, మీవాళ్లకో ఇది ఎదురైతే చట్టం ఏం చెబుతోందో తెలిసి ఉండటం అవసరం.

సహజంగా ప్రతి 100 మంది ఆడపిల్లలకు సుమారు 105 మంది మగపిల్లలు పుడతారు. అంటే వెయ్యి మంది మగపిల్లలకు 950 మంది ఆడపిల్లలు ఉండాలి. జనాభా లెక్కల ప్రకారం ఆరేళ్లలోపు పిల్లల్లో దేశవ్యాప్తంగా ఆ సంఖ్య 1991లో 945, 2001లో 927. 2011 నాటికి 920 కంటే దిగువకు వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2001లో 961తో మెరుగ్గానే ఉన్నా, పదేళ్లలో 940 దరిదాపులకు జారింది.

కట్నం, తలకొరివి, ముసలితనంలో కొడుకే దిక్కన్న నమ్మకం.. ఇవన్నీ పాత కారణాలే. మారింది కుటుంబం సైజు. ఒకప్పుడు కొడుకు కోసం మరో కాన్పు చూసేవారు. ఇప్పుడు ఇద్దరితో ఆపేయాలనుకుంటున్నారు కాబట్టి ఒత్తిడంతా రెండో గర్భం మీదే పడుతోంది. చదువు, డబ్బు ఉన్న ఇళ్లలో ఇది ఉండదనుకుంటే పొరపాటే. ఆస్తిలో కూతురికి సమాన వాటా 2005 నుంచి దేశమంతటా చట్టమే అయినా, ‘పెళ్లికి ఇచ్చిందే నీ వాటా’ అనేవాళ్లకు కొదవ లేదు.

ఇక చట్టం. 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం మాటతో గానీ సైగతో గానీ, మరే విధంగానైనా గానీ గర్భంలోని శిశువు లింగం చెప్పకూడదు. స్వీటు పేరుతో చెప్పినా నేరమే. గర్భిణి రక్తంతో చేసే డీఎన్ఏ పరీక్షలకూ ఇదే వర్తిస్తుంది. చెప్పిన డాక్టరుకు మొదటిసారి మూడేళ్ల వరకు జైలు, రూ.10 వేల వరకు జరిమానా. ఇలాంటి పరీక్ష కోరి వెళ్లినవాళ్లకూ మూడేళ్ల వరకు జైలు, జరిమానా రూ.50 వేల వరకు ఉంటుంది. బలవంతం మీద పరీక్షకు వచ్చిన గర్భిణికి మాత్రం శిక్ష లేదు. పైగా, కాదని రుజువయ్యేదాకా భర్త, బంధువులే బలవంతపెట్టారని కోర్టు భావిస్తుంది. ఈ ఒక్క నిబంధన చాలామంది మహిళలకు తెలియదు.

సెంటర్‌కు వెళ్లినప్పుడు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, ‘లింగ నిర్ధారణ చేయబడదు’ అన్న బోర్డు కనిపించాలి. స్కాన్‌కు ముందు ఫారం-ఎఫ్ నింపి, మీ సంతకం తీసుకోవాలి. ‘అవేమీ వద్దులెండి’ అన్నారంటే అనుమానించాల్సిందే. ఈ ఫారం లోపాలను గుమాస్తా పొరపాట్లుగా కొట్టిపారేయలేమని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఫిర్యాదును జిల్లా వైద్యారోగ్య అధికారి కార్యాలయంలో రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. చర్య లేకపోతే సంబంధిత అధికారికి 15 రోజుల నోటీసు ఇచ్చి మీరే కోర్టుకు వెళ్లొచ్చు.

అబార్షన్ సంగతి వేరు. లింగం చూసి చేయించడం నేరం. చట్టం ఒప్పుకునే కారణాలుంటే 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం సరిపోతుంది. ఇప్పటికే ఆడపిల్ల ఉందన్న కారణంతో ఆసుపత్రి మిమ్మల్ని వెనక్కి పంపడానికి వీల్లేదు.