కుంఫిణీ సర్కారు - దేవస్థానాలు

ప్రభుత్వం మతం జోలికి పోరాదన్న వాదాన్ని మద్రాసు రాజధానిలో గట్టిగా లేవనెత్తినవారు హేతువాదులు కారు, క్రైస్తవ మిషనరీలు. ఈ సంగతి మనం తరచు మరచిపోతుంటాం.

1801లో కర్ణాటకంతోపాటు తిరుమల దేవస్థానం కూడా కుంఫిణీ చేతికి వచ్చింది. భక్తుల మొక్కుబడులలో ఖర్చులు పోను మిగిలింది సర్కారు ఖజానాకు చేరేది. దొరలకు వేంకటేశ్వరునిపై భక్తి ఏమీ లేదు. రాబడి ఉంది, అంతే. 1817 నాటి 7వ రెగ్యులేషను దేవాలయ మాన్యాల పర్యవేక్షణను రెవిన్యూ బోర్డుకు అప్పగించింది. 1821లో బ్రూస్ దొర పేరుతో తిరుమలకు ఒక నిబంధనావళి కూడా ఏర్పడింది.

క్రైస్తవ ప్రభుత్వం విగ్రహాలకు ఊడిగం చేయటమా అని ఇంగ్లండులో గగ్గోలు పుట్టింది. మద్రాసు సేనాధిపతి మెయిట్లండ్ ఈ విషయంమీదనే 1838లో రాజీనామా చేశాడు. చివరకు కుంఫిణీ చేతులు దులుపుకుంది. 1843లో తిరుమల హాథీరాంజీ మఠం మహంతుల వశమైంది. 1863 నాటి 20వ చట్టంతో తక్కిన దేవాలయాలను కమిటీలకు, ధర్మకర్తలకు వదిలేశారు. కమిటీ సభ్యత్వం యావజ్జీవం! అడిగేవాడు కోర్టుకెక్కవలసిందే.

ప్రభుత్వం తప్పుకున్నచోట ప్రజలు ప్రవేశించలేదు. మహంతులు, జమీందారులు, పెద్దకులాల ధర్మకర్తలు ప్రవేశించారు. తిరుమలలో ఆ ఏర్పాటు తొంభై ఏళ్ళు సాగింది. పానగల్ రాజా మంత్రివర్గం 1925లో దేవాదాయ చట్టం తెచ్చినప్పుడు మఠాధిపతులు ప్రతిఘటించారు. చట్టాన్ని 1927లో మళ్ళీ చేయవలసివచ్చింది. తిరుమలకు ప్రత్యేక చట్టం 1933లో వచ్చింది.

ఈ చరిత్ర తెలిస్తేగాని రాజ్యాంగం 25వ అధికరణంలోని మెలిక అర్థంకాదు. మతస్వేచ్ఛ ఇస్తూనే, మతానికి సంబంధించిన ఆర్థిక వ్యవహారాలను నియంత్రించే అధికారాన్నీ, హిందూ దేవాలయాలను అన్ని కులాలకూ తెరిపించే అధికారాన్నీ అది ప్రభుత్వం చేతిలో ఉంచింది. ప్రభుత్వానికి ఏ మతంతోనూ సంబంధం ఉండరాదని 1948లో కె.టి. షా ప్రతిపాదిస్తే రాజ్యాంగసభ తిరస్కరించింది. షా ఉద్దేశం మంచిదే. కాని అటువంటి గోడ కట్టి ఊరుకుంటే, 1947 నాటి మద్రాసు ఆలయప్రవేశ చట్టం గతి ఏమిటి? గుడి వెలుపల నిలబెట్టిన వాడికి ఆ గోడ మరొక ప్రాకారమే అయ్యేది.

అయితే లెక్కలు చూడటానికీ తలుపులు తెరిపించటానికీ లోపలికి వెళ్ళిన ప్రభుత్వం, ఆ పనులతో సరిపెట్టుకున్నదా? ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలలో ముఖ్యమంత్రి రాష్ట్ర ప్రభుత్వం పక్షాన పట్టువస్త్రాలు సమర్పిస్తారు. 25వ అధికరణంలో ఏ అక్షరం ఈ పని చెయ్యమన్నదో న్యాయశాస్త్రజ్ఞులే చెప్పాలి.