కృత్రిమ మేధ సహాయకులు, ఫ్లాష్‌కార్డు సాఫ్ట్‌వేర్: అనుసంధాన చరిత్ర

చాట్‌జీపీటీ, క్లాడ్ వంటి కృత్రిమ మేధ సహాయకులు ఆంకీ వంటి ఫ్లాష్‌కార్డు సాఫ్ట్‌వేర్‌లో నేరుగా కార్డులు చేర్చడానికి, ఉన్నవాటిని వెతికి దిద్దడానికి, వాటి ఆధారంగా విద్యార్థిని ప్రశ్నించడానికి వీలు కల్పించే ఏర్పాటే ఈ అనుసంధానం. ఇందులో రెండు వేర్వేరు పరంపరలు కలిశాయి. ఏ సంగతిని ఏ రోజున మళ్లీ గుర్తుచేసుకోవాలో లెక్కగట్టే పద్ధతికి మూలం 1885 నాటి జ్ఞాపకశక్తి పరిశోధన. పాఠం చదివి ప్రశ్నలు తయారుచేసే భాషా నమూనాలు మాత్రం 2020 తర్వాతే జనానికి అందాయి.

పూర్వరంగం

జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరసముదాయాలను తానే కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత మరచిపోతున్నాడో కొలిచి, ఆ ఫలితాలను 1885లో ప్రచురించాడు. నేర్చిన కొత్తలో మరపు వేగంగా ఉంటుందనీ, ఒకే రోజున పదేపదే చదవడం కంటే ఎడం ఇచ్చి చదివితే శ్రమ తగ్గుతుందనీ ఆయన తేల్చాడు. ఎక్కాలు, అమరకోశం వల్లె వేసిన పాతతరం తెలుగువారికీ, ధారణను విద్యగా సాధన చేసే అవధానులకూ పునశ్చరణ విలువ అనుభవంలో ఉన్నదే. ఎబ్బింగ్‌హౌస్ దానికి అంకెలు జోడించాడు.

1967లో పాల్ పిమ్స్‌లర్ భాషాబోధన కోసం క్రమంగా పెరిగే విరామాల పట్టికను ప్రతిపాదించాడు. 1972లో సెబాస్టియన్ లైట్నర్ కార్డుల పెట్టె పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. జవాబు సరిగ్గా చెబితే కార్డు తర్వాతి అరకు వెళ్తుంది, తప్పితే మొదటి అరకు తిరిగివస్తుంది. వెనక అరల్లోని కార్డులను అరుదుగా తీస్తారు.

ఈ లెక్కను కంప్యూటర్‌కు అప్పగించినవాడు పోలండ్‌కు చెందిన పియోటర్ వోజ్‌నియాక్. 1987లో ఆయన రాసిన సూపర్‌మెమోలోని ఎస్ఎం-2 సూత్రం ప్రకారం మొదటి విరామం 1 రోజు, రెండవది 6 రోజులు. ఆపైన ప్రతి విరామాన్నీ ఆ కార్డు సులభత్వాన్ని సూచించే గుణకంతో హెచ్చిస్తారు. గుణకం మొదట 2.5గా ఉంటుంది కాబట్టి మూడవ విరామం దాదాపు 15 రోజులవుతుంది. డేమియన్ ఎల్మ్స్ 2006 అక్టోబరులో విడుదల చేసిన ఆంకీ ఈ సూత్రాన్నే మార్పులతో స్వీకరించింది. అది ఓపెన్ సోర్స్ కావడం, అదనపు హంగులను ఎవరైనా రాసి జోడించగలగడం తర్వాతి కథకు దారితీశాయి. ఆండ్రూ సదర్లాండ్ రూపొందించిన క్విజ్‌లెట్ 2007లో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది.

ఆంకీకనెక్ట్

ఆంకీ కార్డుల సమాచారం వాడుకరి కంప్యూటర్‌లోని ఒక డేటాబేసులో ఉంటుంది. వేరే ప్రోగ్రాములు దాన్ని నేరుగా తాకితే చెడిపోయే ప్రమాదం ఉంది. అలెక్స్ యాట్స్కోవ్ 2016లో రూపొందించిన ఆంకీకనెక్ట్ అనే యాడ్-ఆన్ దీనికి సురక్షితమైన దారి చూపింది. ఆంకీ తెరిచి ఉన్నంతసేపు ఇది అదే కంప్యూటర్‌లో 8765 పోర్టు వద్ద అభ్యర్థనల కోసం ఎదురుచూస్తుంది. కార్డు చేర్చు, డెక్కుల (కార్డుల కట్టల) పేర్లు చెప్పు, ఫలానా మాట ఉన్న కార్డులు వెతుకు వంటి ఆదేశాలను జేసన్ అనే పాఠ్య రూపంలో అందుకొని ఆంకీ చేతనే ఆ పని చేయిస్తుంది. జపనీస్ నేర్చుకునేవారు బ్రౌజర్‌లో మాట మీద మౌస్ ఉంచి, యోమిచాన్ నిఘంటువు నుంచి ఒక్క నొక్కుతో కార్డు చేసుకోవడం దీని తొలి ఉపయోగాల్లో ఒకటి. కృత్రిమ మేధ కోసం కట్టని ఈ దారే తర్వాత దానికి ప్రధాన మార్గమైంది.

భాషా నమూనాల రాక

2020 జూన్‌లో ఓపెన్‌ఏఐ జీపీటీ-3 భాషా నమూనాను ప్రోగ్రామర్లకు ఏపీఐ రూపంలో, అంటే తమ ప్రోగ్రాముల నుంచి పిలిచి వాడుకోగలిగేలా, అందించింది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. పాఠం అతికించి ప్రశ్న-జవాబులు అడగడం, వచ్చినదాన్ని పట్టికగా దాచి ఆంకీలోకి దిగుమతి చేసుకోవడం విద్యార్థులకు అలవాటైంది. 2023 మార్చిలో క్విజ్‌లెట్ ఓపెన్‌ఏఐ నమూనాతో నడిచే క్యూ-చాట్‌ను ప్రకటించింది. అదే ఏడాది జూన్‌లో ఓపెన్‌ఏఐ తన నమూనాలు బయటి సాఫ్ట్‌వేర్ ఆదేశాలను నిర్ణీత రూపంలో రాసి ఇచ్చే సదుపాయం కల్పించింది. దీంతో కాపీ, పేస్టుల అవసరం తగ్గింది.

ఇదే కాలంలో కార్డుల షెడ్యూలు లెక్క కూడా మారింది. యే జున్‌యావ్ (జారెట్ యే) పరిశోధన నుంచి పుట్టిన ఎఫ్ఎస్ఆర్ఎస్ పద్ధతి 2023లో ఆంకీ 23.10తో అందులో భాగమైంది. కార్డు కష్టం, జ్ఞాపకపు స్థిరత్వం, ఇప్పుడు గుర్తుకొచ్చే సంభావ్యత అనే మూడు రాశులతో ఇది విరామాన్ని నిర్ణయిస్తుంది.

ఉమ్మడి ప్రోటోకాల్

2024 నవంబరు 25న క్లాడ్‌ను రూపొందించిన ఆంత్రోపిక్ సంస్థ, సహాయకులను బయటి సాఫ్ట్‌వేర్‌తో కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను, అంటే ఎంసీపీని, ఓపెన్ ప్రమాణంగా విడుదల చేసింది. 2025 మార్చిలో ఓపెన్‌ఏఐ కూడా దాన్ని స్వీకరించింది. అంతకుముందు ప్రతి సహాయకుడికీ, ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ విడివిడిగా వంతెన కట్టవలసి వచ్చేది. ఎంసీపీ వచ్చాక స్వచ్ఛంద డెవలపర్లు ఆంకీ కోసం చిన్న సర్వర్లు రాశారు. వీటిలో చాలావాటికి ఆంకీకనెక్టే ఆధారం. విద్యార్థి మామూలు మాటల్లో అడుగుతాడు, సహాయకుడు తగిన సాధనాన్ని ఎంచుతాడు, సర్వర్ ఆ కోరికను ఆంకీకనెక్ట్‌కు చేరవేస్తుంది, ఆంకీ కార్డును దాచుకుంటుంది. ఏ కార్డులు పదేపదే తప్పుతున్నాయో చూసి, వాటిని విడగొట్టి తిరగరాయమని కూడా అడగవచ్చు.

బహ్రెయిన్ సందర్భం

కంఠస్థం చేయవలసినది ఎక్కువగా ఉన్న వైద్యవిద్యలో ఆంకీ వాడకం ప్రపంచవ్యాప్తంగా బలంగా ఉంది. ఉదాహరణకు, చిన్న దేశమైన బహ్రెయిన్‌లో 1980లో స్థాపించిన అరేబియన్ గల్ఫ్ విశ్వవిద్యాలయం, 2004లో మొదలైన ఆర్‌సీఎస్ఐ బహ్రెయిన్ వైద్యవిద్య అందిస్తున్నాయి. నర్సులు, వైద్యులు పనిచేయాలంటే జాతీయ ఆరోగ్య నియంత్రణ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ లైసెన్సు ఉండాలి. దాని పరీక్షలకు చదివే ప్రవాస భారతీయులకు కార్డుల పద్ధతి సరిగ్గా సరిపోతుంది.

అక్కడి చట్టం మరో సంగతిని గుర్తుచేస్తుంది. 2018 నాటి 30వ నంబరు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2019 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. ఆరోగ్య వివరాలను అది సున్నితమైన సమాచారంగా పరిగణిస్తుంది, వ్యక్తిగత సమాచారాన్ని దేశం దాటించడంపై షరతులు విధిస్తుంది. ఆంకీ కార్డు సొంత కంప్యూటర్‌లోనే ఉన్నా, సహాయకుడు చదివిన ప్రతి కార్డూ ఆ సహాయకుడిని నడిపే సంస్థ సర్వర్లకు వెళ్తుంది. అందువల్ల వార్డులో చూసిన రోగి వివరాలను కార్డుల్లో రాయకూడదు.

తెలుగు కార్డులు

భాషా నమూనాలు పాఠాన్ని టోకెన్లుగా విడగొట్టి చదువుతాయి. తెలుగుకు ఇవి చాలాకాలం ఇంగ్లిష్ కంటే ఎన్నో రెట్లు పట్టేవి. 2024 మేలో జీపీటీ-4ఓను విడుదల చేసినప్పుడు ఓపెన్‌ఏఐ చూపిన ఉదాహరణలో, 159 టోకెన్లు పట్టిన తెలుగు పాఠం 45కు తగ్గింది. టోకెన్లతో పాటు ఖర్చు దిగినా వ్యాకరణ సమస్య మిగిలింది. ఖాళీ పూరించే కార్డులో "ఓరుగల్లును" అన్నచోట పేరును మూసి విభక్తిని బయట ఉంచవచ్చు. "విజయనగరాన్ని" అన్నప్పుడు పేరు చివర రూపం మారి విభక్తిలో కలిసిపోతుంది కాబట్టి అలా విడదీయడం కుదరదు. "రాయల రాజధాని విజయనగరం" అని వాక్యాన్నే తిరగరాయాలి. ఇంగ్లిష్ నమూనాలో ఆలోచించే సహాయకుడికి ఈ సంగతి ముందే చెప్పాలి.

పరిమితులు, అంచనా

భాషా నమూనాలు తప్పును కూడా ధీమాగా చెబుతాయి. కార్డులో చేరిన తప్పు ప్రతి పునశ్చరణతో మరింత గట్టిపడుతుంది. ఆంకీకనెక్ట్‌కు కార్డులనూ డెక్కులనూ తొలగించే ఆదేశాలూ ఉన్నాయి కనుక, అనుమతి ఇచ్చేముందు బ్యాకప్ తీసుకోవాలి. ఒక కార్డులో ఒకే సంగతి ఉండాలని వోజ్‌నియాక్ 1999లోనే సూచించాడు. సహాయకులు మాత్రం పొడవైన జవాబుల వైపు మొగ్గుతారు.

అసలు అభ్యంతరం అభ్యసన శాస్త్రం నుంచి వచ్చింది. స్వయంగా తయారుచేసుకున్నది చదివినదాని కంటే బాగా గుర్తుంటుందని 1978లో స్లమెకా, గ్రాఫ్ చూపారు. కార్డు రాసే శ్రమలోనూ చదువు ఉంది. మరోవైపు, తిరిగి చదవడం కంటే జవాబును గుర్తుచేసుకునే ప్రయత్నమే వారం తర్వాత మెరుగైన ఫలితం ఇస్తుందని 2006లో రోడిగర్, కార్పికే ప్రయోగాలు తేల్చాయి. కార్డు ఎవరు రాసినా ఈ ప్రయోజనం దక్కుతుంది. కాబట్టి అర్థం చేసుకోవలసిన పాఠానికి కార్డులు తానే రాసుకొని, మాటల జాబితాలు, పేర్లు, తేదీలు, దిద్దుబాట్లు సహాయకుడికి అప్పగించి, ప్రతి కార్డునూ పాఠ్యపుస్తకంతో సరిచూసుకునే విద్యార్థికే ఈ అనుసంధానం నిజంగా మేలు చేస్తుంది.