కుక్కబొమ్మ ప్లేటు మీద పూల గోడు

గుంటూరు, ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్ల దగ్గర ‘పుష్పవిలాపం’ పేరెత్తితే కవికన్నా ముందు ఘంటసాల గొంతు గుర్తొస్తుంది. పద్యాలు రాసింది మాత్రం ఈ గడ్డ మనిషే. గుంటూరు జిల్లా కొమ్మూరులో 1912లో పుట్టి, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఏళ్ల తరబడి తెలుగు పాఠం చెప్పిన జంధ్యాల పాపయ్యశాస్త్రి, కలంపేరు కరుణశ్రీ. ఆయన ‘ఉదయశ్రీ’లోని ఖండిక అది. పుస్తకంలోని పద్యం నల్లటి లక్క ప్లేటు మీదికి ఎక్కి తెలుగునాడంతా ఎలా తిరిగిందో తెలియాలంటే, ముందు ఈ నల్లరేగడి జనానికి ఏడుపు పద్యం మీద ఎంత మక్కువో తెలియాలి.

పంటలు ఇంటికొచ్చి, చేతిలో నాలుగు డబ్బులు ఆడే వేసవి రాత్రుల్లో ఇక్కడి ఊళ్లకు ఒకప్పుడు నాటకం ఉండి తీరాలి. నాటకమంటే హరిశ్చంద్ర. హరిశ్చంద్రలో కూడా కాటి సీను కోసమే తెల్లవారుజాము దాకా కూర్చునేవాళ్లు ఎక్కువ. ఆ నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం బాపట్ల దగ్గరి ఇటికంపాడులో పుట్టినవాడు. కాటి సీనులో నటులు తెచ్చి కలిపి పాడిన శ్మశానం పద్యాలు వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువావి. ఆ పద్యాలు నాటకంలో ఎంతగా కలిసిపోయాయంటే, అవి బలిజేపల్లివే అనుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. చచ్చిన బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లి, కాటికాపరి అయిన రాజు, మట్టిలో కలిసిపోయిన కవుల కలాలు. ఇవి వింటూ కన్నీళ్లు పెట్టుకోవడానికి జనం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. పద్యం నచ్చితే ‘వన్స్ మోర్’ అని అరిచేవాళ్లు, నటుడు చచ్చిన కొడుకును పక్కన పెట్టి అదే పద్యం మళ్లీ ఎత్తుకునేవాడు.

ఆ పాటకు ఒక కట్టుబాటు ఉంది. మైకు లేని రోజుల్లో చివరి వరసలో చాప మీద కూర్చున్నవాడికీ వినపడాలి. అందుకని హార్మోనియం పై స్థాయిలో మోగాలి, గొంతు దాన్ని దాటి పోవాలి. పద్యం నాలుగు పాదాలైతే రాగం నలభై పాదాలంత సాగేది. దుఃఖం నిజమే, అయితే అది కేక వేసే దుఃఖం. గొంతు తగ్గించి, పక్కన కూర్చున్నవాడితో చెప్పుకున్నట్టు ఏడవడం ఆ రంగస్థలం మీద కుదిరే పని కాదు.

కుదిర్చింది మైకు. మన దేశంలో రికార్డింగు 1902లో కలకత్తాలో మొదలైంది. అప్పట్లో గాయకులు ఒక పెద్ద బూరలోకి అరిచి పాడాలి. 1925 తర్వాత విద్యుత్ మైకులు వచ్చాక మెల్లగా పాడినా, నిట్టూర్చినా ప్లేటు మీద గీత పడింది. హిజ్ మాస్టర్స్ వాయిస్, మన జనం భాషలో కుక్కబొమ్మ కంపెనీ, కలకత్తా శివార్లలోని డమ్‌డమ్‌లో ప్లేట్లు పోసేది. ఆ ప్లేటును గట్టిగా పట్టి ఉంచేది లక్క, అంటే అడవి చెట్ల మీద పురుగులు కట్టే జిగురు. నిమిషానికి 78 చుట్లు. పది అంగుళాల ప్లేటు మీద ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త పైన. ఆ గీతల్లో పట్టినంతే సంగీతం.

ఘంటసాల వెంకటేశ్వరరావు ఆ మైకు దగ్గరికి నేరుగా రాలేదు. కృష్ణా జిల్లా చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టి, విజయనగరం సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర చదువుకుని, 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లి, తర్వాత మద్రాసు చేరాడు. సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్య చేయూత ఇచ్చాడు. కుక్కబొమ్మ కంపెనీలో పనిచేస్తున్న పేకేటి శివరాం, తర్వాత మనం తెరమీద నటుడిగా చూసిన ఆ పేకేటే, ఆయన చేత ప్రైవేటు రికార్డు ఇప్పించాడు. సినిమాతో సంబంధం లేకుండా వచ్చే ప్లేటును ప్రైవేటు రికార్డు అనేవాళ్లు. సినిమా పాటలో నాయకుడి గొంతై పాడాలి. ప్రైవేటు రికార్డులో గాయకుడికి అచ్చంగా తన గొంతు మిగిలేది.

‘పుష్పవిలాపం’ అలాంటి ప్రైవేటు రికార్డే. ఇక ఖండిక సంగతి. పూజకు పూలు కోద్దామని ఒకడు వేకువనే తోటకు వెళ్తాడు. కొమ్మ వంచి గోరు ఆనించబోయేసరికి పూలన్నీ నోరు విప్పుతాయి. సన్నజాజి జాలిగా మాట్లాడుతుంది, గులాబీ కోపంతో మాట్లాడుతుంది. తీగ తల్లి ఒడిలో నాలుగు గడియలు ఉండి, గాలికి వాసన పూసి, తుమ్మెదకు విందు పెట్టి, మా అంతట మేమే ఆ తల్లి పాదాల దగ్గర రాలిపోతాం కదా, మధ్యలో మా పీక నులమడానికి నువ్వెవరు అని అడుగుతాయి. దారంతో మెడకు ఉరి బిగించడం, సూదితో గుండె పొడవడం, మరగబెట్టి అత్తరు తియ్యడం, రాత్రి పక్క మీద నలిపి తెల్లారాక పెంటలో పారెయ్యడం, అన్నీ వరసగా లెక్కచెప్తాయి. బుద్ధుడు పుట్టిన నేలమీద పుట్టి నీకీ కసాయితనం ఏమిటని నిలదీస్తాయి. అతను వట్టి చేతులతో దేవుడి ముందుకు వెళ్లి జరిగింది చెప్పుకుంటాడు.

బుద్ధుడి పేరు అక్కడ అలంకారానికి రాలేదు. గుంటూరు నుంచి బస్సెక్కితే అమరావతి స్తూపం దగ్గర దిగొచ్చు. పాపయ్యశాస్త్రి బుద్ధుడి మీద ప్రత్యేకంగా కావ్యమే రాశాడు, దాని పేరు కూడా ‘కరుణశ్రీ’యే. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ 1950లో పుస్తకమై కుర్రకారును ఊపేస్తున్న కాలంలో, పూల కోసం కన్నీళ్లు పెట్టడం మెత్తదనమని పెదవి విరిచినవాళ్లు లేకపోలేదు. నాకు ఆ విరుపు సబబుగా తోచదు. హింసకు పాల్పడేవాడు దుర్మార్గుడు కాదు, భక్తుడు. తన చెయ్యి చేస్తున్న పని ఎన్నడూ చూసుకోని మంచివాడు. ఆ సంగతి గమనించినవాడిది మెత్తటి చూపని ఎలా అంటాం?

అన్నట్టు, ఈ మైదానంలో పువ్వుకు ఇంకో లెక్క కూడా ఉంది. పత్తి పువ్వు విచ్చిన రోజు లేత పసుపు కలిసిన తెలుపులో ఉంటుంది, మర్నాటికి గులాబీ రంగుకు తిరిగి వాడుతుంది, ఆ వెనక చిన్న కాయ మిగులుతుంది. మిరప పువ్వు తెల్లగా, తల వంచుకుని ఉంటుంది. వీటిని ఎవరూ దేవుడికి కొయ్యరు, ఎందుకంటే ఒక్కో పువ్వు ఒక్కో కాయ. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతలోకి దూరి పూలన్నీ రాల్చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం రైతులు ఎకరాలకు ఎకరాలు దున్నేశారు. పూత రాలిన చేలో నిలబడినవాడికి పూల విలాపం కవి ఊహలా అనిపించదు.

ప్లేటు దగ్గరికి వద్దాం. రెండు వైపులూ కలిపి ఆరు నిమిషాల పైచిలుకు. అంత చోటులో నాటకం రాగం తీస్తే రెండు పద్యాలు కూడా పట్టవు. ఘంటసాల రాగాన్ని పద్యం చివర చిన్న తుంపరగా కుదించి, ప్రతి మాటా విరిచి చెప్పినట్టు పాడాడు. ఉత్పలమాలలో యతి దగ్గర ఊపిరి తీసుకున్నా అర్థం తెగనివ్వలేదు. పద్యానికీ పద్యానికీ మధ్య వచనం మామూలు గొంతుతో చెప్పాడు. సన్నజాజి ఇలా అంది, గులాబీ ఇలా అంది, ప్రభూ, అంటూ. ఆ వచనంలోనే ప్లేటు ప్రాణం ఉంది. పాడే గొంతు పూలది, చెప్పే గొంతు చెయ్యి చాచినవాడిది. ఇద్దరిదీ ఒకే గొంతు కావడం వల్ల, నిందించేవాడూ నింద పడేవాడూ ఒక్కడే అయిపోతాడు. వాద్యాలు వెనక్కి తగ్గి ఉంటాయి. గొంతు పెంచాల్సిన చోట పెంచకుండా, గులాబీ కోపాన్ని కూడా ఏడుపు అంచునే నిలబెట్టడం నాటకం గాయకుడికి తట్టని సంగతి.

ఒకే దుఃఖాన్ని మొదటి నుంచి చివరి దాకా కథగా నడిపే రికార్డును ఇప్పటి కుర్రాళ్లు కాన్సెప్ట్ ఆల్బమ్ అంటారు. అమెరికాలో 1948లో లాంగ్ ప్లే రికార్డు వచ్చి, వైపుకు ఇరవై నిమిషాలు దొరికాకే రాక్ బృందాలు ఆ దారి పట్టగలిగాయి. ఆ దారిలో ఇవాళ్టి దాకా నడుస్తున్న వాళ్లలో పోలండ్ రాజధాని వార్సాలో 2001లో మొదలైన రివర్‌సైడ్ ఒకటి. 2016లో వాళ్ల గిటారిస్టు ప్యోత్ర్ గ్రుజీన్‌స్కి హఠాత్తుగా చనిపోతే, గాయకుడు మారియుష్ దూదా, మిగిలిన ఇద్దరూ కలిసి 2018లో ‘వేస్ట్‌ల్యాండ్’ తెచ్చారు. సర్వనాశనం తర్వాత మిగిలిన లోకం గురించి దాదాపు యాభై నిమిషాలు సాగే ఆల్బమ్ అది. దాన్ని విన్నప్పుడు నాకు మన ప్లేటే గుర్తొచ్చింది. దూదా కూడా ఏడవాల్సిన చోట గొంతు తగ్గిస్తాడు. వాళ్లకు యాభై నిమిషాలు, ఘంటసాలకు ఆరు.

ఆ ప్లేటు వెంట కరుణశ్రీదే ‘కుంతీకుమారి’ వచ్చింది. పెళ్లికాని తల్లి పసిబిడ్డను పెట్టెలో పెట్టి నదిలో వదిలే ఘట్టం. ఇళ్లలో గ్రామఫోను ఉన్నవాళ్లు ఊరికి ఒకరో ఇద్దరో. ప్లేట్లు ఊరంతటికీ వినిపించింది మైకుసెట్టు వాళ్లు. పెళ్లి పందిట్లో, తిరునాళ్లలో చెట్టుకు కట్టిన బూర నుంచి సినిమా పాటల నడుమ పూల ఏడుపు వినిపించేది. పెళ్లింట్లో ఏడుపు పద్యం ఏమిటని ఎవరూ అడగలేదు. పద్యం ఎలా పాడాలన్నది ఆ ప్లేటు తర్వాత మారింది. బడిలో పద్యాల పోటీకి నిలబడ్డ పిల్లలు నటుల్లా రాగం తియ్యడం మానేసి, ఘంటసాల ఆగిన చోట ఆగడం, ఆయన వచనం చెప్పినట్టే చెప్పడం నేర్చారు.

1974 ఫిబ్రవరి 11న ఘంటసాల కన్నుమూశారు. ఆయన పోయాక విడుదలైన భగవద్గీత ఎల్.పి.లో కూడా ఇదే పద్ధతి: శ్లోకం పాడటం, ఆ వెంటనే మామూలు గొంతుతో తాత్పర్యం చెప్పడం. ఇప్పుడు ఈ పల్లెల్లో ఎవరైనా పోతే ఆ ఇంటి ముందు వేసేది ఆ గీతే. యుద్ధానికి వెనకాడిన అర్జునుణ్ని లేపడానికి చెప్పిన మాటల్ని జనం చావింటికి తెచ్చుకున్నారు. శ్లోకాల అర్థం కోసం మాత్రమే తెచ్చుకున్నారని నేను అనుకోను. ఏడిచే మనిషి పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడటం ఆ గొంతుకు వచ్చని వాళ్లకు పూల ప్లేటు నాటి నుంచే తెలుసు.