తల్లి చేతిలో భూమి, కొడుకు పేరున నౌకరి

చాకలి ఐలమ్మను వీరనారిగా రాసిన పుస్తకాలకు కొదవ లేదు. ఎదిగిన కొడుకుల తల్లిగా ఆమెను చూసినవి తక్కువ. కష్టం చేసుకుని బతికే కులాల ఇండ్లలో తల్లి మాట చెల్లుతుందా, రెక్కలొచ్చిన బిడ్డ మాట చెల్లుతుందా అన్నది ప్రేమ ఒక్కటే తేల్చదు. భూమి ఎవరి చేతిలో ఉంది, జీతం ఎవరి పేరున వస్తుంది అన్నదాన్ని బట్టి తేలుతుందని మా వాదన.

పాలకుర్తి అప్పుడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. ఐలమ్మ మల్లంపల్లి దొర భూమిని కౌలుకు పట్టి నాలుగెకరాల్లో వరి వేసింది. భర్త ఉన్నాడు, నలుగురు కొడుకులు, ఒక బిడ్డ. ఎవుసం నడిపింది మాత్రం ఆమె. కొడుకులు తల్లి వెనక నడిచారు. బట్టలుతకాల్సిన మనిషి వడ్లు పండించుడేంది అన్నదే విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి కడుపుమంట అని మేమనుకుంటున్నాం. 1940ల నడుమ దొర మనుషులు పంట కోసుకుపోవడానికి వస్తే సంగం (ఆంధ్ర మహాసభను జనం పిలిచిన పేరు) కార్యకర్తలు తరిమికొట్టారు. వడ్లు ఐలమ్మ ఇంటికే చేరాయి.

దొర పగ తీర్చుకున్నది ఆమె ఇంటివాళ్ల మీద. భర్తను, కొడుకులను జైలు పాలు చేశారు. బిడ్డ మీద అత్యాచారం జరిగింది. ఇల్లు తగలబెట్టారు. తల్లిని లొంగదీయాలంటే ఎదిగిన పిల్లలను పట్టుకోవాలని గడికి బాగా తెలుసు. పిల్లల కోసం తల్లి భూమి వదులుకుంటుందని దొర వేసిన లెక్క తప్పింది. దీన్ని తల్లి గుండె రాయి కావడమని చదవకూడదు. ఆ భూమి పోతే కొడుకులకు మిగిలేది మళ్లీ వెట్టే. ఐలమ్మ 1985లో చనిపోయింది. స్త్రీశక్తి సంఘటన వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆమె తన కథ తానే చెప్పింది.

అదే కాలంలో మరో స్వతంత్ర తల్లి ఉంది: విసునూరు దొర తల్లి జానమ్మ. కొడుకు గడి వేరు, కడవెండిలో ఆమె గడి వేరు. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాలకు బలైంది ఆ ఊళ్లోనే. స్వతంత్రం అంటున్నప్పుడు అది ఎవరి వెట్టి మీద నిలబడిందో కూడా అడగాలె కదా!

భూపాలపల్లి బొగ్గుబాయిల దగ్గరికొస్తే పట్టుకునే దొర లేడు, ఒప్పంద పత్రం ఉంది. జాతీయ బొగ్గు వేతన ఒప్పందాల్లో రాసుకున్నది ఇది: కార్మికుడు చనిపోతే భార్యకు నలభై ఐదేళ్లలోపు అయితే నౌకరి గానీ నెలనెలా పరిహారం గానీ, దాటితే పరిహారమే. కొడుకుకు పన్నెండేళ్లు నిండితే పేరు లైవ్ రోస్టర్‌లో పెడతారు. పద్దెనిమిది నిండినాక నౌకరి. అందాకా పరిహారం తల్లికి. కొడుకు బాయిలో దిగిన నాడు ఆమె పైసలు ఆగుతాయి. నిన్నటిదాకా ఖర్చు లెక్క తన దగ్గర పెట్టుకున్న తల్లి, ఇయ్యాల కొడుకు జీతం వైపు చూడాలె. ఇంట్లో ఎవరూ తగాదా పడకుండానే పెద్దరికం చేతులు మారుతుంది.

మహబూబాబాద్ వైపు మిరప తోటల్లో కైకిలి చేసే మాదిగ తల్లికి ఈ రెండూ లేవు. 2014 ఆగస్టు 15న మొదలుపెట్టిన మూడెకరాల పథకంలో పట్టా ఇంటి ఆడమనిషి పేరున ఇస్తామన్నారు. అది రాష్ట్రం మొత్తం మీద కొద్ది వేల కుటుంబాల దగ్గరే ఆగింది. ఎక్కువమందికి అందింది ఆసరా పింఛనే, 2014లో వెయ్యి, 2019 నుంచి 2016 రూపాయలు. ఆ పైసలతో ముసలి తల్లి కొడుకు నుంచి వేరు పొయ్యి పెట్టుకోగలదేమో గానీ, ఐలమ్మ లెక్క కొడుకులను వెంటబెట్టుకుని ఎవుసం నడపలేదు.