ఆకుపచ్చని సూర్యుడు

సంధ్యారాగమును వర్ణింపని కావ్యము మన వాఙ్మయమున అరుదు. కాని సూర్యబింబమే ఆకుపచ్చగా నుండెనని చెప్పిన కవిని నేనెరుగను. అట్టి వింత కల్పన గాదు. 1883వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేది మొదలు కొన్ని దినములు చెన్నపట్టణమునను, సింహళమునను, దక్షిణ హిందూదేశమున మరికొన్ని తావులను, ఉదయాస్తమయ వేళల సూర్యుడు నీలముగను ఆకుపచ్చగను కానవచ్చెను. గ్రహణమునకే తలుపులు మూసికొను గృహములలో ఇట్టి సూర్యుడు కలిగింపగల భయమును చదువరులే ఊహింపవచ్చును.

దీనికి కారణము మిగుల దూరమున నుండెను. జావా, సుమత్రా దీవుల నడుమనున్న సుండా జలసంధిలో క్రకటోవా యను అగ్నిపర్వతము కలదు. ఆ సంవత్సరము ఆగస్టు 26, 27 తేదులలో అది బ్రద్దలయ్యెను. ఆ ధ్వని సుమారు మూడువేల మైళ్ల దూరమందలి రోడ్రిగ్స్ ద్వీపమున ఫిరంగి మ్రోతవలె వినబడెను. ముప్పదియారువేలకు పైగా జనులు మడిసిరి. వారిలో పెక్కుమందిని మ్రింగినది అగ్ని గాదు; పొంగి తీరముపై బడిన సముద్రము.

పర్వతమునుండి లేచిన ధూళియు గంధకధూమమును మేఘమండలమును దాటి పైకి పోయెను. సెప్టెంబరు 5వ తేదిని హవాయి దీవులలోని హొనొలూలూ పట్టణమున సెరెనో బిషప్ అను మతబోధకుడు సూర్యుని చుట్టును ఒక మసక వలయమును జూచెను. వివిధ స్థలములలో ఇట్టి వింతలు కనబడిన తేదులను వరుసగా గూర్చి, ఈ ధూమము భూమధ్యరేఖ వెంట తూర్పునుండి పడమరకు ప్రవహించుచున్నదని ఆయన గ్రహించెను. అది రమారమి రెండు వారములలో భూమిని ఒకమారు చుట్టివచ్చెను. చెన్నపట్టణమువారు చూచినది అట్లు చుట్టివచ్చిన ధూమము యొక్క ప్రభావమే. అచ్చటి క్రైస్తవ కళాశాలలో ఉపాధ్యాయుడగు మికీ స్మిత్ భయపడి యూరకుండక, వర్ణదర్శినితో ఆ వెలుగును పరీక్షించి, చూచినది చూచినట్లు వ్రాసి ప్రకటించెను.

నవంబరు నాటికి ఆ తెర ఉత్తరదేశములకు వ్యాపించెను. అమెరికాలోని పొకీప్సీ, న్యూహేవెన్ పట్టణములలో పడమటి దిక్కున ఊరే తగులబడుచున్నదని భ్రమించి జనులు అగ్నిమాపక యంత్రములను పిలిపించిరి. లండనులో విలియం ఆస్క్రాఫ్ట్ అను చిత్రకారుడు థేమ్సునది యొడ్డున నిలిచి వందలకొలది సంధ్యాచిత్రములను వ్రాసెను.

ఇక ఈ రంగుల మర్మము. ఒక గాజుపాత్రలో నీరుపోసి రెండుమూడు పాలచుక్కలు కలిపి, వెనుక దీపముంచి చూడుడు. ప్రక్కనుండి చూచిన నీరు నీలివన్నె దాల్చును. ఎదుటనుండి చూచిన దీపము ఎఱ్ఱబడును. సూక్ష్మకణములు నీలకాంతిని ప్రక్కలకు చిమ్మివేయగా ఎఱ్ఱని కాంతి ముందునకు సాగును. సాయంకాలమున సూర్యకిరణములు వాయుమండలమున దీర్ఘమార్గము నడచుటచే సంధ్య ఎఱ్ఱనగును. అగ్నిపర్వతపు గంధకధూమము నీటియావిరితో గలిసి గంధకామ్లపు సన్నని తుంపరలుగా మారును. అవి వాన కడుగలేనంత యెత్తున నుండుటచే ఏడాదికి పైగా నిలువగలవు. సూర్యుడు మనకు అస్తమించినను, అంత యెత్తున కొంతసేపు ఎండ కాయుచునే యుండును. కావుననే చీకటిపడు వేళ ఆకాశము రెండవమారు ఎఱ్ఱబడును. కణములన్నియు దాదాపు ఒకే పరిమాణముగలవై, కాంతితరంగము కంటె కొంచెము పెద్దవైనచో, ఎఱ్ఱని కాంతియే ఎక్కువగా చెదరి, బింబము ఆకుపచ్చగా మిగులును.

మన పూర్వులకు ఆకాశమును చూచు కన్ను లేదనరాదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో సంధ్యా లక్షణములకును దిగ్దాహమునకును వేర్వేరు అధ్యాయములనే కేటాయించెను. కాని అందు రంగునకు ఫలము చెప్పబడినది. ఏ యూర, ఏ దినమున, ఎంతసేపు కనబడినదో చెప్పబడలేదు. రాజునకు కీడో, వానకు మేలో తెలిసిన పిమ్మట కారణమును వెదకు పని యెవనికి మిగులును? లండనులోని రాయల్ సొసైటీవారు 1884లో సంఘమును నియమించి, ఓడల నాయకులు, మతబోధకులు, ఉపాధ్యాయులు మున్నగువారు వ్రాసిన వార్తలను ప్రోగుచేసి 1888లో ఒక గొప్ప గ్రంథము ప్రకటించిరి. అందు ధూళికిచ్చిన ప్రాధాన్యము నేడు గంధకామ్లపు తుంపరలకు చెందినది. తప్పు దిద్దుకొనుట ఈ విద్యకు చిన్నతనము గాదు. అదియే దాని ప్రాణము.

1991లో ఫిలిప్పీను దీవులయందు పినటూబో పర్వతము ప్రేలినప్పుడు ఆ ధూమము రమారమి మూడు వారములలో భూమిని చుట్టుటను కృత్రిమోపగ్రహములు కనిపెట్టినవి. నాడు ఆ పనిచేసినవి ఉత్తరములు. వానిని వ్రాసినవారిలో పలువురు శాస్త్రజ్ఞులు గారు. తేదిని మరువని సామాన్యులు. పాలలెక్క వ్రాసికొనునంత శ్రద్ధతో మన యింటి యిల్లాలు గాని, బడికిపోవు బాలిక గాని ఆకాశపు వింతను దినముతోను గడియతోను వ్రాసియుంచినచో, ఆ యింట శాంతి వేరుగ చేయింప నక్కరలేదు.