"ఖాళీగా కూర్చోలేక" అల్లిన లేసు: నరసాపురం నుంచి ప్రపంచానికి

 

అక్టోబర్ వచ్చిందంటే ఇన్‌స్టాలో ఒక టైపు రీల్స్ మొదలవుతాయి, గమనించారా? కిటికీ పక్కన ఒక అమ్మాయి కూర్చుని ఉంటుంది. పక్కన కాఫీ కప్పు, ఒళ్లో ఊలు ఉండ, చేతిలో క్రోషే సూది. వెనకాల మెల్లగా గిటార్. చెట్ల ఆకులు ఎర్రగా రాలుతుంటాయి. ఇంట్లో, కుటుంబంతో, ఏదో ఒకటి చేత్తో చేసుకుంటూ శరత్కాలాన్ని ఎంజాయ్ చేయడం అన్నమాట. బావుంటుంది. నేనూ చూస్తాను, లైక్ కూడా కొడతాను.

మన గోదావరి డెల్టాలో ఆకులు ఎర్రబడవు. కొబ్బరి చెట్టుకి ఆ అలవాటు లేదు కదా. కానీ శరత్కాలం మనకీ ఉంది. ఆశ్వయుజం, కార్తీకం. వానలు వెనకబడతాయి, చేలో వరి పొట్ట మీదుంటుంది, దసరా సెలవులకి పిల్లలు ఊళ్లకి వస్తారు. ఇంట్లో పని మొదలవుతుంది. అటక మీద ఇత్తడి సామాను దించి చింతపండు పెట్టి తోమడం, చెమ్మ పట్టిన పరుపులు ఎండేయడం, గోడలకి వెల్ల వేయించడం, బొమ్మల కొలువు పెట్టే వాళ్లయితే మెట్లు కట్టడం. కార్తీకం వస్తోందంటే దూది తీసి ఒత్తులు చేసుకోవడం.

వీటితో పాటు నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఇళ్లలో ఇంకో పని కనిపిస్తుంది. లేసు. రీల్‌లో అమ్మాయి చేస్తున్నదీ ఇదే పని: ఒక సూది, ఒక దారం. కాకపోతే అక్కడ ఊలు, ఇక్కడ సన్నటి నూలు దారం. అక్కడ దాన్ని హాబీ అంటారు. ఇక్కడ ఏమంటారో మా పిన్నిని అడిగాను. ఆవిడ అరుగు మీద కూర్చుని అల్లుతోంది. "పిన్నీ, రోజుకి ఎన్ని గంటలు చేస్తావు ఈ పని?" అన్నాను. చెయ్యి ఆపకుండానే, "పనేంట్రా, ఖాళీగా కూర్చోలేక అల్లుతున్నాను" అంది.

ఆ "ఖాళీ" అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది, దాని ఖరీదు ఎంత, ఇవాళ్టి ఎపిసోడ్ అంతా దాని గురించే. దీని వెనక 180 ఏళ్ల చరిత్ర ఉందండీ.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. లేసు రాకముందే ఈ ప్రాంతానికి ప్రపంచ మార్కెట్ తెలుసు. నరసాపురం పక్కనే మాధవాయిపాలెం అని ఒక ఊరుంది. 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ అక్కడ ఫ్యాక్టరీ పెట్టింది. ఫ్యాక్టరీ అంటే మిషన్లు కాదు, ఇక్కడి చేనేత బట్ట కొని ఓడలకెక్కించే గిడ్డంగి. అక్కడి మెత్తటి నూలు బట్ట ఎంత ఫేమస్ అయిందంటే, ఆ ఊరి పేరే బట్టకి పేరైపోయింది. మన మాధవాయిపాలెం, వాళ్ల నోట్లో పడి "మడపొల్లం" అయింది. ఇప్పటికీ ఇంగ్లిష్ డిక్షనరీలో ఆ మాట ఉంది, కావాలంటే వెతకండి.

తర్వాత ఇంగ్లండ్‌లో మిల్లులు వచ్చాయి. మిల్లు బట్ట చవక. కంపెనీ ఇక్కడ బట్ట కొనడం మానేసింది. 1830 వచ్చేసరికి ఈ వ్యాపారం దాదాపు కుప్పకూలింది. దాని మీద 1832, 33లో పెద్ద కరువు. తుఫాన్లు, వరదలు సరేసరి. అప్పట్లో ఇదంతా రాజమండ్రి జిల్లా. 1821లో జిల్లా జనాభా దాదాపు 7 లక్షల 38 వేలు. ఇరవై ఏళ్ల తర్వాత లెక్కపెడితే 5 లక్షల 61 వేలు. నలుగురిలో ఒకరు లేరు. చచ్చిపోయిన వాళ్లు కొందరు, ఊరొదిలి పోయిన వాళ్లు కొందరు. పక్కనే గోదావరి పారుతోంది, పొలాలకి నీళ్లు లేవు. ఈ పరిస్థితి మీద 1844లో హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారి ప్రభుత్వానికి రిపోర్టు ఇచ్చాడు. ఆ తర్వాతే ఆర్థర్ కాటన్, ధవళేశ్వరం ఆనకట్ట. 1847లో పని మొదలు, 1852లో పూర్తి. ఈ కథ మనందరికీ తెలుసు. ఊరూరా కాటన్ దొర విగ్రహం ఉంటుంది.

విగ్రహం లేని కథ కూడా సరిగ్గా అప్పుడే మొదలైంది. 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ అని ఇద్దరు ఇంగ్లండ్ నుంచి భార్యలతో సహా మిషనరీలుగా ఇటు వచ్చారు. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది. ఆ తర్వాత వచ్చిన వాళ్లలో స్కాట్లాండ్‌కి చెందిన మెక్రే దంపతులు ఉన్నారు. 1844 ప్రాంతంలో ఇక్కడి ఆడవాళ్లకి లేసు అల్లడం నేర్పింది వాళ్లేనని లేసు పరిశ్రమ చరిత్ర చెబుతుంది. మొదట నేర్చుకున్నది కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన పేద దళిత కుటుంబాల స్త్రీలు. చేతిలో భూమి లేదు, చుట్టూ కరువు. ఒక సూది, ఒక దారం కండె ఉంటే నాలుగు డబ్బులొస్తాయి.

ఇప్పుడు మ్యాప్‌లో కొంచెం దూరం వెళ్దాం. సరిగ్గా అదే దశాబ్దంలో, 1845లో, ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకి తెగులు పట్టింది. ఘోరమైన కరువు. అక్కడి కాన్వెంట్ల సన్యాసినులు పేద ఆడవాళ్లకి ఏం నేర్పారో తెలుసా? క్రోషే. వెనిస్ లేసు అంటే అప్పట్లో రాజులూ దొరలూ కట్టుకునేది, నెలల పని. దాన్ని చూసి, ఒకే ఒక్క కొక్కెం సూదితో త్వరగా అయ్యేలా అల్లారు. దాని పేరే ఐరిష్ క్రోషే. అలా కుటుంబాలకి కుటుంబాలే ఆ డబ్బుతో బతికాయి. అంటే ఐర్లండ్‌లో, గోదావరిలో, ఒకే దశాబ్దంలో, ఆకలి ముందు పెట్టిన జవాబు ఒకటే. ఇవాళ రీల్స్‌లో హాయికి గుర్తుగా కనిపించే ఈ సూది, మొదట్లో అన్నానికి గుర్తు.

సరే, లేసు ఇక్కడ నిలబడింది. యూరప్‌కి ఎగుమతి మొదలైంది. టేబుల్ మ్యాట్లు, టీ కెటిల్ మీద కప్పే కవర్లు, బెడ్ స్ప్రెడ్‌లు. మన ఇళ్లలో అప్పట్లో టేబులే లేదు, టేబుల్ మ్యాట్ ఎక్కడిది? ఇక్కడి ఆడవాళ్లు ఎప్పుడూ చూడని ఇళ్ల కోసం అల్లారు. నెమ్మదిగా కాపు లాంటి వ్యవసాయ కులాల ఆడవాళ్లు కూడా ఇందులోకి వచ్చారు. ఎందుకంటే ఆ ఇళ్లలో ఆడవాళ్లు పొలం పనికి వెళ్తే పరువు తక్కువ. గడప దాటకుండా చేసుకునే పని కావాలి. లేసు అందుకు సరిపోయింది. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే అల్లొచ్చు, పిల్లాడు నిద్రపోతే అల్లొచ్చు.

పని ఎలా నడిచేదో చెప్తాను, మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. క్లయింట్ విదేశంలో. మధ్యలో ఎగుమతిదారు. ఆయన కింద ఏజెంటు. ఏజెంటు ఇంటింటికీ దారం ఇస్తాడు, అల్లిన ముక్కలు తీసుకుంటాడు, ముక్కకి ఇంత అని లెక్క. విడి పువ్వులు అల్లేది చేతిపని. ఆ పువ్వుల్ని కలిపి పెద్ద ముక్కగా చేసేది అతుకుపని. పువ్వు అల్లినావిడకి అది చివరికి టేబుల్ క్లాత్ అవుతుందో, దిండు గలీబు అవుతుందో తెలియకపోవచ్చు. మొత్తం ప్రోడక్ట్ ఒక్కరి కంట పడదు. బెంగళూరులో నేను మూడేళ్లు చేసింది ఇంచుమించు ఇదే. తేడా ఒకటే: నాకు టైమ్‌షీట్ ఉండేది. ఎనిమిది గంటలు అని రాస్తే ఎనిమిది గంటలకి ఎవరో బిల్లు కట్టేవాళ్లు.

ఈ తేడాని మొట్టమొదట గట్టిగా పట్టుకున్నావిడ మరియా మీస్. జర్మన్ సోషియాలజిస్ట్. 1970ల చివర్లో నరసాపురం ప్రాంతానికి వచ్చి, ఇళ్లలో కూర్చుని, ఈ ఆడవాళ్ల రోజు ఎలా గడుస్తుందో గమనించింది. 1982లో "ద లేస్‌మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అని పుస్తకం వచ్చింది. ప్రపంచంలో చాలా యూనివర్సిటీల్లో ఇప్పటికీ చదువుతారు. మనూళ్లో ఎంతమందికి తెలుసు అంటే, నాకూ ఉద్యోగం మానేసి ఈ ఛానల్ పెట్టాకే తెలిసింది.

ఆవిడ ఏం కనిపెట్టింది? ఇంటి చాకిరీ కాకుండా, రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. అంటే ఫుల్ టైమ్ ఉద్యోగం. వచ్చే డబ్బు మాత్రం రోజుకి ఒక్క రూపాయి కూడా నిండదు. పొలంలో కూలికెళ్లే ఆడవాళ్లకి అంతకన్నా ఎక్కువే వచ్చేది. మరి ఎందుకు ఇంత తక్కువ? అందరి దృష్టిలో వీళ్లు కార్మికులు కారు. గృహిణులు. ఖాళీ టైమ్‌లో చేసుకుంటున్నారు. ఖాళీ టైమ్‌కి కూలి ఏంటి? అదీ లాజిక్. ఏజెంటు అదే అనేవాడు, ఇంట్లో మగవాళ్లూ అదే అనేవాళ్లు, చివరికి ఆ ఆడవాళ్లూ తమ గురించి అదే చెప్పుకునేవాళ్లు. వ్యాపారం మగవాళ్లది, అల్లిక ఆడవాళ్లది. విదేశీ డబ్బు రాష్ట్రానికి వచ్చేది, అల్లిన చెయ్యి మాత్రం ఏ లెక్కల్లోనూ సరిగ్గా కనిపించేది కాదు.

2020లో మనందరం ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్ ముందు పని చేశాం కదా. పక్కన కుక్కర్ విజిల్, వెనక పిల్లల గోల. ఎవరైనా "నువ్వు ఖాళీగా ఉన్నావుగా, జీతం ఎందుకు" అన్నారా? అనలేదు. వర్క్ ఫ్రమ్ హోమ్ అని గౌరవంగా పేరు పెట్టారు. మన డెల్టాలో అది అప్పటికే 170 ఏళ్లకి పైగా నడుస్తోంది. పేరు పెట్టలేదు, అంతే.

ఇంకో మాట అంటారు చాలామంది: "మిషన్లు వచ్చాయి కదా, చేతి లేసు పని అయిపోయింది." ఇందులో సగమే నిజం. చైనా నుంచి మిషన్ లేసు వచ్చాక ధరలు బాగా దెబ్బతిన్నాయి, చాలామంది మానేశారు. అది నిజం. కానీ మిషన్ చేసేది వేరే రకం అల్లిక, చూడ్డానికి క్రోషేలా ఉండేలా చేస్తుంది. అసలు క్రోషేలో ఒకే సూది, ఒకే ముడిలోంచి ఇంకో ముడి లాగుతూ, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. పైకి, పక్కకి, గుండ్రంగా. ఆ తిరుగుడే మిషన్‌కి కొరుకుడు పడలేదు. అల్లిక మిషన్లు ఇన్ని ఉన్నా, మార్కెట్లో దొరికే అసలైన క్రోషే ఇప్పటికీ చేతి పనే. కాబట్టి షాపింగ్ యాప్‌లో నిజమైన క్రోషే టాప్ రెండు వందలకి కనిపిస్తే ఆఫర్ బావుందని మురిసిపోకండి. ఎక్కడో ఒక చెయ్యి దాన్ని అల్లింది. ఆ చేతికి ఎంత మిగిలి ఉంటుందో ఆలోచించండి.

లెక్క మీరే వేయొచ్చు. ఒక పువ్వుకి 20 నిమిషాలు అనుకుందాం. ఒక మ్యాట్‌కి 36 పువ్వులు. అంటే 12 గంటలు. అతుకుపనికి ఇంకో మూడు. మొత్తం 15 గంటలు. దానికి మూడు వందలు ఇస్తే గంటకి ఇరవై రూపాయలు. మన ఊళ్లో కాఫీ, సమోసాకి కూడా చాలదు.

మంచి వార్త కూడా ఉందండోయ్. 2024లో నరసాపురం క్రోషే లేసుకి జీఐ ట్యాగ్ వచ్చింది. బంగినపల్లి మామిడికి, ఉప్పాడ జాంధానీకి ఉన్నట్టే. నరసాపురం దగ్గర లేసు ట్రేడ్ సెంటర్ ఉంది, మహిళా సంఘాలు నేరుగా ఆర్డర్లు తీసుకుంటున్నాయి. దళారి లేకుండా అమ్ముకునే దారి ఇప్పుడు ఫోన్‌లోనే ఉంది. కానీ ట్యాగ్ పేరుని కాపాడుతుంది, గంటల్ని లెక్కపెట్టదు. గంటలు లెక్కపెట్టాల్సింది ఆ పని చేసేవాళ్లు, కొనేవాళ్లు, ఇంకా ఇంట్లో ఉన్న మనం.

అందుకని ఈ దసరా సెలవుల్లో ఇంటికి వెళ్తే ఒక చిన్న పని చేయండి. టీవీ మీదో, ఫ్రిజ్ మీదో, బీరువాలో మడతల మధ్యో ఒక లేసు ముక్క ఉండే ఉంటుంది. దాన్ని ఎవరు అల్లారో కనుక్కోండి. ఎన్నాళ్లు పట్టింది, ఎంత ఇచ్చారు, ఏజెంటు ఎలా లెక్క కట్టేవాడు, ఏ డిజైన్‌కి ఏ పేరు అని అడగండి. ఫోన్‌లో రికార్డ్ చేయండి. నేర్చుకోవాలనిపిస్తే ఒక సూది తీసుకుని పక్కన కూర్చోండి. మొదటి పువ్వుకి మీకు ఎంతసేపు పడుతుందో స్టాప్‌వాచ్ పెట్టి చూసుకోండి. హాబీగా చేయడంలో తప్పేం లేదు, చాలా హాయిగా ఉంటుంది. కాకపోతే ఆవిడ చేస్తున్నప్పుడు మాత్రం ఎవరైనా "అమ్మ ఖాళీగానే ఉందిలే" అంటే, "లేదు, పనిలో ఉంది" అనండి.

వచ్చే వారం మాధవాయిపాలెం బట్ట ఓడలు ఎక్కిన రేవుల గురించి మాట్లాడుకుందాం. మీ ఇంట్లో లేసు ముక్క ఉంటే ఫోటో, అల్లినావిడ పేరు పంపించండి, పేరు మాత్రం మర్చిపోకండి. ఉంటానండీ మరి.